చలికాలం, వాలీబాల్, నా ఎత్తు

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఎవర్నడిగినా వానాకాలమే ఇష్టమంటారు. మహేంద్రతనయ నిండుగా పారుతుంది, కొండలు పచ్చబడతాయి, కాదనను. నాకు మాత్రం చలికాలమే. వరి కోతలయ్యాక నేల గట్టిపడుతుంది, సాయంత్రం నెట్ కట్టేస్తాం. కోర్టులో అరుపులు సగం తెలుగు, సగం ఒడియా. స్కోరు దగ్గర గొడవొస్తే రెండూ కలిసిపోతాయి.

నేను ఐదడుగుల మూడంగుళాలు. చిన్నప్పుడు "ఒరే పొట్టోడా" అన్న ప్రతివాడి మీదా కోపమే. వాలీబాల్ అంటే నెట్ దగ్గర ఎగిరి బంతిని బలంగా కొట్టే స్పైకులే అనుకుని ఏళ్ల తరబడి గట్టు మీద కూర్చుని బంతులు అందించాను. తర్వాత తెలిసింది, లిబెరో అని ఒకడుంటాడని. అంతర్జాతీయ ఆటలోకి 1998లో వచ్చిన స్థానం. జెర్సీ రంగే వేరు. నెట్ దగ్గర చేతులెత్తి బంతిని అడ్డుకోకూడదు (అదే బ్లాక్), నెట్ కంటే ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. నేను ఎలాగూ చేయలేనివన్నీ రూల్స్‌లోనే వద్దన్నారు! బంతిని నేల తాకనివ్వకుండా లేపడమే పని.

మోకాళ్లు దోక్కుపోతాయి. చప్పట్లు స్పైకర్‌కే. మొదట్లో ఉక్రోషంగా ఉండేది, అబద్ధమెందుకు. కానీ ఆ బంతి నా చేతుల మీదుగానే లేచిందని వాడికి తెలుసు. ఆఫీసులో కూడా ఇప్పుడు టెన్షన్ తగ్గింది. మీటింగులో మాట్లాడేది ఇంకొకరు, లెక్కలు సరిచూసేది నేను. పొడుగయ్యే వయసు ఎలాగూ దాటింది.

ఆదివారం పాతపట్నం కుర్రాళ్లతో ఆట. ఏటి అవతలి వాళ్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి, సర్వీసులు భయంకరంగా వేస్తారు. మాకు ఒక మనిషి తక్కువ పడుతున్నాడు, వచ్చేవాళ్లు చెప్పండి.