మాస్ట్ పక్కకి ఊగిన రోజు

మా చిన్న తెరచాప పడవలో మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, అడుగున ఒక బోల్టు మీద తిరిగి వెనక్కి పడుకుంటుంది. తక్కువ ఎత్తు వంతెనలు దాటాలంటే దాన్ని దించాల్సిందే. 8 మీటర్ల అల్యూమినియం గొట్టం, తీగలతో కలిపి 25 కిలోలు. ఇద్దరం చేత్తో లేపేయొచ్చు కదా అనుకున్నాను.

కానీ ఆ బరువు బోల్టుకి 4 మీటర్ల దూరంలో వేలాడుతున్నట్టు లెక్క. మాస్ట్ పైనుంచి పడవ ముందు కొనకి వచ్చే ముందు తీగ పట్టుకుని లాగితే, మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు ఆ తీగ కూడా దాదాపు దాని వెంబడే ఉంటుంది. ఎంత లాగినా బలం బోల్టు మీదికి పోతుంది, మాస్ట్ లేవదు. అందుకే జిన్ పోల్ వాడతాం. 2 మీటర్ల గొట్టాన్ని మాస్ట్ అడుగున లంబంగా బిగించి, దాని కొసకి ముందు తీగ కట్టి, అక్కణ్ణుంచి పడవ ముందు కొనకి మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపని అదుపు చేసే తాడు) కప్పీలు తగిలిస్తాం. మొదట్లో లాగుడు 60 కిలోల దాకా ఉంటుంది. నాలుగు వరసల తాడు వల్ల చేతికి తెలిసేది 15, రాపిడికి ఇంకొంచెం. లేచేకొద్దీ తేలికవుతుంది.

నేను బరువు గురించే ఆలోచించాను. పక్కల సంగతి పట్టించుకోలేదు. పోయినేడాది దించుతుంటే తమ్ముడు తాడు వదులుతున్నాడు, నేను క్యాబిన్ మీద ఉన్నాను. సగం దిగాక పక్క నుంచి ఒక మోటారు పడవ పోయింది. ఆ అలకి మా పడవ ఊగింది, మాస్ట్ కుడివైపుకి వాలిపోయింది. "తాడు వదలకురా!" అని అరిచి భుజం అడ్డం పెట్టాను. దాన్ని ఎలాగోలా పడుకోబెట్టాక చూస్తే అడుగున పలక మెలితిరిగింది, గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రం కోలగా సాగింది. రాత్రంతా ఆ రంధ్రమే కళ్ల ముందు ఉంది.

మా పడవలో పక్క తీగలు డెక్‌కి బిగించిన చోటు బోల్టు కన్నా కిందా, కాస్త వెనకా ఉంటుంది. మాస్ట్ వెనక్కి వాలేకొద్దీ అవి వదులైపోతాయి. ఇక పక్కకి పోకుండా పట్టేది ఏదీ ఉండదు.

పలక మార్చాక డెక్ అంచున రెండు వైపులా పొట్టి స్టీలు గుంజలు, వాటి కొసన రింగులు పెట్టించాను. ఒక రింగు నుంచి ఇంకోదానికి దారం కడితే అది బోల్టు నడిమధ్య మీదుగా పోవాలి. నాకు మూడోసారికి కుదిరింది. ఆ రింగుల నుంచి మాస్ట్ నడుముకి తాళ్లు కట్టాను. రింగులు బోల్టు వరసలో ఉంటే మాస్ట్ ఎంత వాలినా వాటి పొడవు మారదు, మొదటి నుంచి చివరిదాకా బిగువుగానే ఉంటాయి.

లేపేటప్పుడు సగంలో ఆగి టర్న్‌బకిళ్లు (తీగల అడుగున వాటిని బిగించే మరలు) చూస్తాను. అడ్డంగా పడి ఇరుక్కుంటే, బిగువు రాగానే వంగిపోతాయి. దానికంటే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూసుకుంటాం. ఇందులో మాత్రం తొందర వద్దు, అల్యూమినియం తగిలితే ప్రాణం పోతుంది.

మొన్న మళ్లీ దించాం. సగంలో ఇంకో మోటారు పడవ వచ్చింది. తమ్ముడు నా వైపు చూశాడు. పక్క తాళ్లు బిగుసుకుని కిర్రుమన్నాయి. మాస్ట్ తిన్నగా దిగి వెనకనున్న చెక్క ఆనులో కూర్చుంది.