మంచుకొండల నుంచి మాగాణిలోకి, ఒక్క పగటిలో

నేపాల్ కొండల్లోని జోమ్‌సోమ్‌లో పొద్దున పది, పదకొండు మధ్య గాలి లేస్తుంది. లేచిందంటే చీకటి పడేదాకా తగ్గదు. ఎండ ముదిరేకొద్దీ ఉత్తరాన ముస్తాంగ్, టిబెట్ పీఠభూములు వేడెక్కి అక్కడి గాలి తేలికై పైకి పోతుంది. ఆ చోటు నింపడానికి కింది గాలంతా కాళీగండకీ నది లోయలో దూరి, ఇరుకులో ఒత్తుకుని, ఉధృతంగా ఎగబాకుతుంది. ఇసుక కళ్ళల్లో కొడుతుంది. నిలబడ్డ మనిషి తూలిపోతాడు. అందుకే ఆ ఊరి విమానాలన్నీ గాలి లేవకముందే వచ్చి, లేవకముందే వెళ్ళిపోవాలి. పొద్దున తప్పితే ఇక మర్నాడే.

ఆ రోజు నేను ఎక్కాల్సిన వాటిలో అది మొదటి విమానం. జోమ్‌సోమ్ నుంచి పొఖరా, పొఖరా నుంచి ఖాట్మండు, అక్కడి నుంచి జనకపురి (జనక్‌పూర్). చీకటి పడేలోగా సీతమ్మ పుట్టింటికి చేరాలని నా లెక్క. మొదటిది తప్పితే మిగతా రెండూ తప్పినట్టే.

ముందురోజే ముక్తినాథ్ వెళ్ళి, నూటెనిమిది ధారల కింద తడిసి, స్వామిని చూసుకుని జోమ్‌సోమ్ దిగివచ్చాను. మన తిరుమల లాగే ముక్తినాథ్ కూడా ఆళ్వార్లు పాడిన 108 దివ్యదేశాల్లో ఒకటి. వాళ్ళు దాన్ని సాలగ్రామం అన్నారు. తిరుపతిలో మా ఇంటి పూజగదిలో మా అవ్వ కాలం నుంచీ ఒక సాలగ్రామం ఉంది. ఆ రాయి పుట్టే కాళీగండకీ నదిని కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. అది ఒకప్పుడు సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి శిలాజమని, హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేదని చదివినప్పటి నుంచీ ఆ కోరిక ఇంకా పెరిగింది. దేవుడని మొక్కే రాయికి అంత వయసుందని తెలిస్తే నాకు భక్తి తగ్గలేదు, ఎక్కువైంది.

తిరుపతిలో బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గాక రేణిగుంటలో విమానమెక్కి, ఢిల్లీ మీదుగా ఖాట్మండు చేరాను. మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళే పదిహేను నుంచి అరవై ఐదేళ్ళ లోపు వాళ్ళకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ కావాలి, ఆధార్ పనికిరాదు. అక్కడి లోపలి విమానాల్లో నేపాలీలకు ఒక ధర, మనకు ఒక ధర, మిగతా దేశాల వాళ్ళకు డాలర్లలో ఇంకో ధర. గడియారం మాత్రం పావుగంట ముందుకు తిప్పుకోవాలి.

ఇంట్లో వాళ్ళకు నేను ఒంటరిగా వెళ్ళడం కంటే ఈ చిన్న విమానాలంటేనే ఎక్కువ టెన్షన్. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2022 మే 29న పొఖరా నుంచి జోమ్‌సోమ్ వస్తున్న ట్విన్ ఆటర్ విమానం కొండను ఢీకొని అందులోని 22 మందీ చనిపోయారు. 2023 జనవరి 15న ఖాట్మండు నుంచి పొఖరా వెళ్ళిన విమానం దిగబోతూ కూలి 72 మంది పోయారు. నేపాల్ విమాన సంస్థలేవీ తమ గగనతలంలోకి రాకూడదని 2013లోనే యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టింది. ఇవన్నీ తెలిసే టికెట్ కొన్నాను. జోమ్‌సోమ్‌కు ఇప్పుడు రోడ్డు కూడా ఉంది. కానీ వాన వెలిసిన రోజుల్లో కొండచరియలు జారే ఆ రోడ్డు మీద రోజంతా కూర్చోవడం కూడా తక్కువ ప్రమాదమేమీ కాదని నా అభిప్రాయం.

తెల్లవారకముందే విమానాశ్రయానికి వెళ్ళాను. పెద్ద బస్టాండు కన్నా చిన్నది. ఎదురుగా నీలగిరి శిఖరం, 7,061 మీటర్లు, మన తలమీదే నిలబడ్డట్టు ఉంటుంది. దాని కొసన ఎండ పడి కిందికి జారుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. సామాను పది కిలోలు, చేతిసంచి ఐదు కిలోలు, అంతకు మించి ఒప్పుకోరు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది దసరాకు సొంతూళ్ళకు వచ్చి తిరిగి వెళ్తున్న నేపాలీలు. బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి పెద్దవాళ్ళు నుదుట పెట్టిన ఎర్రటి టీకా అట్లాగే ఉంది. చెవి పక్కన పసుపుపచ్చని బార్లీ మొలకలు. ఒక పెద్దావిడ కొడుకును సాగనంపడానికి వచ్చి ఫెన్సింగ్ పట్టుకుని నిలబడే ఉంది.

మిగతా సగం మనవాళ్ళు. తెలుగు వినబడగానే తలెత్తాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన యాత్రికుల బృందం.

"ఏమ్మా, ఒకదానివే వచ్చినావా? తోడు ఎవురూ లేరా?" అని ఒక పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"లేరు పెద్దమ్మా, ఒకదాన్నే."

"ఇంట్లో ఎట్ల పంపించినారో! యా ఊరు నీది?"

"తిరుపతి. లీలామహల్ సర్కిల్ దగ్గిర."

"అట్లనా! మాది ఐరాల పక్కన పల్లె. ఇంతదూరం వచ్చినాక మనూరోళ్ళని చూస్తే పానం లేచొచ్చిందమ్మా," అని సంచిలోంచి నిప్పట్ల పొట్లం తీసి చేతిలో పెట్టింది. తీసుకోకపోతే ఊరుకోలేదు.

ఆరున్నర, ఏడు, ఏడున్నర. మా నెత్తిమీద మబ్బు తునక లేదు, విమానం రాలేదు. ఈ దారిలో పైలట్ కళ్ళతో కొండల్ని చూసుకుంటూనే నడపాలి. పొఖరాలో మబ్బు కమ్మితే జోమ్‌సోమ్‌లో ఎండ కాసినా లాభం లేదు. పెద్దమ్మ భర్త లేచి నిలబడటం, ఆకాశంకేసి చూడటం, మళ్ళీ కూర్చోవడం. "ఆ కొండ సందులో దూరి పోతాదంటనే," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. ఆమె ఏమీ అనలేదు. గోవింద నామాలు చెప్పుకుంటోంది. కౌంటర్ దగ్గర ఒక కుర్రాడు ఎందుకింత ఆలస్యమని గట్టిగా అడుగుతున్నాడు. నాకు మాత్రం, దారి కనబడకపోతే బయలుదేరనన్న పైలట్‌కు దండం పెట్టాలనిపించింది. అంత ఒత్తిడిలో వద్దనడానికి ధైర్యం కావాలి.

ఎనిమిదింబావుకు లోయలో మోత వినబడింది. పంతొమ్మిది సీట్ల ట్విన్ ఆటర్. దిగి, మనుషుల్ని, సామాన్లను దించి, మళ్ళీ నింపుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. సీటు నెంబర్లు లేవు. పెద్దమ్మ వాళ్ళది తర్వాతి విమానం. నేను గబగబా కుడివైపు కిటికీ చూసుకున్నాను. ఎయిర్‌హోస్టెస్ ఒక పళ్ళెంలో చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి చాక్లెట్ తెచ్చింది. పైలట్లకూ మాకూ మధ్య తలుపు లేదు. వాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయో వెనక సీటు దాకా కనబడుతోంది.

రన్‌వే ఏడువందల మీటర్లు దాటి ఎంతో లేదు. ఇంజన్లు పూర్తిగా రేగేదాకా బ్రేకులు పట్టి నిలిపి, వదిలారు. వెన్ను సీటుకు అతుక్కుంది. ఒక్కసారిగా నేల పోయింది, కింద కాళీగండకీ బూడిదరంగు పాయలు. కుడివైపు ధవళగిరి, 8,167 మీటర్లు. ఎడమవైపు నీలగిరి వెనక అన్నపూర్ణ, 8,091. మధ్యలో నది రెండున్నర వేల మీటర్ల ఎత్తున పారుతోంది. అంటే నీటి నుంచి శిఖరం దాకా ఐదున్నర కిలోమీటర్ల గోడ. విమానం ఆ గోడ మీదుగా పోదు, పక్కనే పోతుంది. కిటికీలోంచి పైకి చూస్తే మంచు, కిందికి చూస్తే మార్ఫా ఊరి ఆపిల్ తోటలు. గాలికి విమానం కాస్త కుదిపినప్పుడల్లా ముందుసీటాయన టీకా పెట్టుకున్న నుదురు తడుముకుంటున్నాడు. నాకు భయం వేసింది. కానీ కళ్ళు మూసుకోబుద్ధి కాలేదు. ఇంత దగ్గరగా ధవళగిరి మళ్ళీ ఎప్పుడు కనబడుతుంది? మంచు మీద ఎండ పడి అంచునుంచి పొడి లేస్తోంది, అక్కడ గాలి అప్పుడే మొదలైందన్నమాట.

తర్వాత పైన్ చెట్లు, ఆ తర్వాత దట్టమైన పచ్చటి అడవి, మెట్లు మెట్లుగా వరిమళ్ళు. ఇరవై నిమిషాల్లో 2,736 మీటర్ల నుంచి ఎనిమిది వందల మీటర్లకు దిగిపోయాం. జోమ్‌సోమ్ మన తిరుమల కొండకు మూడింతలకు పైన. పొఖరా దాదాపు తిరుమల ఎత్తే. దిగగానే ఒంటికి ఆ తేమ తగిలి స్వెటర్ తీసేశాను. ఊపిరి హాయిగా ఆడింది.

పొఖరాలో ఎక్కువసేపు లేను. 2023 జనవరి 1న తెరిచిన కొత్త విమానాశ్రయంలో టీ తాగుతూ మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కోసం చూస్తే మబ్బు చాటున కొస మాత్రం కనబడింది. 6,993 మీటర్ల ఆ కొండను అక్కడివాళ్ళు పవిత్రంగా చూస్తారు, ఎక్కడానికి అనుమతి లేదు. 1957లో వెళ్ళిన బృందం కూడా కొసకు కొద్ది దూరంలో ఆగిపోయి, శిఖరం మీద కాలు పెట్టకుండానే తిరిగి వచ్చింది. మనం తిరుమల కొండకు మోకాళ్ళ మీద ఎక్కే మోకాళ్ళ పర్వతం గుర్తొచ్చింది నాకు. కొండను మొక్కడానికి ఎవరి పద్ధతి వాళ్ళది.

ఖాట్మండు విమానం ఏటీఆర్, డెబ్భై మంది పట్టేది. తూర్పుకు పోతుంది కాబట్టి ఎడమవైపు కూర్చుంటే అన్నపూర్ణ నుంచి మనాస్లు, గణేశ్ హిమాల్ దాకా వరుసగా మంచుకొండలు కనబడతాయి. పాతిక నిమిషాల దారే. కానీ ఖాట్మండుకు ఉన్నది ఒకటే రన్‌వే. దేశదేశాల విమానాలూ, కొండల్లోంచి వచ్చే ఈ చిన్నవీ అన్నీ దాని మీదే దిగాలి. వంతు కోసం లోయ బయట గాల్లోనే తిరిగాం. నా పక్కన ఉన్నది ఖాట్మండులో నర్సింగ్ చదివే అమ్మాయి. ప్రతిసారీ ఇంతేనని చెప్పి నిద్రపోయింది. నేను కిందికి చూస్తూనే ఉన్నాను. ఖాట్మండు ఎత్తు 1,338 మీటర్లు, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు కాస్త అటూఇటూ. అంత ఎత్తున అంత పెద్ద నగరం, లక్షల ఇళ్ళు!

అక్కడ మూడో విమానం కోసం కూర్చోవడమే ఆ రోజుకు కష్టమైన పని. ఒంటిగంటన్నరకు వెళ్ళాల్సింది. బోర్డు మీద టైమ్ మారుతూనే ఉంది, ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. హాలు కిక్కిరిసిపోయింది. చంటిపిల్లలున్న తల్లులకు కూర్చునే చోటు దొరకలేదు. ఆలస్యం ఎవరికైనా తప్పదు, కానీ ఒక మాట చెప్పి ఉంటే ఆ తల్లులు పిల్లలకు అన్నం పెట్టుకునేవారు. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఇలాంటి చోట బాత్రూంకు పోవాలన్నా సంచీ ఎవరికో ఒకరికి అప్పగించాలి. నేను ఎదురుగా కూర్చున్న ఒక మధేసీ (నేపాల్ దక్షిణపు మైదానాల) పెద్దాయనకు, ఆయన భార్యకు చూస్తూ ఉండమని చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె నా సంచిని తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాళ్ళది జనకపురే. నా వచ్చీరాని హిందీకి ఆమె మైథిలి కలిపిన హిందీలో జవాబు చెప్పేది. తిరుపతి అనగానే "బాలాజీ!" అని చేతులు జోడించింది.

నాలుగు దాటాక ఎక్కాం. ఈ దారి చిన్నది, కానీ నాకు బాగా నచ్చింది ఇదే. ఖాట్మండు దక్షిణపు అంచు దాటగానే మహాభారత్ అని పేరున్న కొండల వరుస. దాని తర్వాత పొట్టివి, ఎర్రమట్టివి, చూరే కొండలు. ఆ తర్వాత కొండ అన్నదే లేదు. గీత గీసినట్టు ఆగిపోయాయి. గంగా మైదానం అక్కడ మొదలవుతుంది. కనుచూపుమేర పండబోతున్న వరి, మధ్యలో చెరువులు, వెదురుపొదలు, మామిడి తోటలు. పొద్దున స్వెటర్‌లో వణికిన దాన్ని, విమానం మెట్లు దిగుతుంటే వేడిగాలి ముఖానికి కొట్టింది. ఈ ఊరు సముద్రమట్టానికి వంద మీటర్లు కూడా లేదు. మన తిరుపతి టౌను కంటే పల్లం.

సంచీ పెట్టుకున్న దంపతులు తమతోపాటే ఈ-రిక్షాలో గుడి దగ్గర దింపారు, డబ్బు తీసుకోలేదు. జానకీ మందిరం తెల్లగా, రాజస్థాన్ కోటలా, మూడంతస్తుల్లో ఉంటుంది. టీకమ్‌గఢ్ రాణి వృషభాను కట్టించింది, 1910 ప్రాంతంలో పూర్తయింది. తొమ్మిది లక్షలు ఖర్చయిందని దాన్ని నౌలఖా మందిరం అంటారు. పక్కనే వివాహ మండపం. సాయంత్రం హారతికి జనం నిండుగా ఉన్నారు, ఆడవాళ్ళే ఎక్కువ.

మన కోదండరామస్వామి గుడిలో రాముడు ఊరి దేవుడు, సీతమ్మ ఆయన పక్కన తల్లి. ఇక్కడ అలా కాదు. సీత ఇంటి ఆడపిల్ల, రాముడు వచ్చిన అల్లుడు. మార్గశిర మాసంలో వివాహ పంచమికి ఆయన్ని ఆటపట్టించే పాటలు పాడతారట, మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని పాడినట్టు. అయితే అదే రోజున తమ ఆడపిల్లకు పెళ్ళి చేయడానికి మాత్రం ఇక్కడి తల్లిదండ్రులు ఇష్టపడరు. సీత ఆ రోజే అత్తింటికి వెళ్ళి ఏం సుఖపడిందని. ధర్మశాలలో గది చూపించిన పెద్దావిడ ఈ మాట చెప్తూ కళ్ళు తుడుచుకుంది. ఎప్పటి సీత! ఆమెకు మాత్రం నిన్న మొన్న సాగనంపిన కూతురి సంగతి చెప్తున్నట్టే ఉంది. నాకు గొంతు పట్టేసింది. సీతాకల్యాణం ఎన్నిసార్లో చూసిన నేను పుట్టింటివైపు నిలబడి దాన్ని ఎప్పుడూ చూడలేదు.

రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేశాను, పొద్దున్నే నంబరు ఇచ్చింది. వాళ్ళ విమానం తొమ్మిదిన్నరకు లేచిందట, అందరూ క్షేమంగా పొఖరా చేరారు. "మా ఆయన దారిపొడుగూ కండ్లు మూసుకొనే ఉన్నాడమ్మా, నేనే చూసినా అంతా," అంది. వాళ్ళ వెనక రావాల్సిన విమానం మాత్రం గాలికి ఆగిపోయింది. అందులోని వాళ్ళు ఇంకా జోమ్‌సోమ్‌లోనే ఉన్నారు. మన వైపు నుంచి ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళు తిరుగు టికెట్‌కు కనీసం ఒక రోజు ఖాళీ వదులుకోండి, ఢిల్లీ విమానం అదే రోజు పెట్టుకోకండి.

నేను మళ్ళీ ఖాట్మండు వెళ్ళలేదు. జనకపురి నుంచి బిహార్‌లోని జయనగర్‌కు 2022 ఏప్రిల్ నుంచి బ్రాడ్‌గేజ్ రైలు నడుస్తోంది. మర్నాటికి దాని వేళలు కనుక్కుని పడుకున్నాను.