మాత్రల వరుసలో నోటి పరీక్ష

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా చేరిన కొత్తలో, క్యాన్సర్ నివారణ అంటే బ్యానరు కట్టి పెట్టే శిబిరమనే నేనూ అనుకున్నాను. 30 నుంచి 65 ఏళ్ల వారికి నోటిని, స్త్రీలకు రొమ్మును, గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించాలని 2016లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు ముప్పు ఎవరికి ఎంతుందో స్కోరుతో అంచనా వేసే ఫారాలను ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపుతూనే ఉన్నారు. అయితే ఆ ఫారంలో 4 కంటే ఎక్కువ స్కోరు వచ్చినవారే, అంటే ముప్పు ఎక్కువున్నవారే, శిబిరం రోజున కూలికి పోయేవారు. నెల తిరిగేసరికి బీపీ, షుగరు మాత్రల కోసం నా గది ముందు నిలబడేదీ వారే. పరీక్షను ఆ వరుసలోకే తేవాలనుకున్నాను.

మా వైపు అడ్డపొగ అలవాటు ఉంది. పెద్దవయసు స్త్రీలు కొందరు చుట్టను నిప్పు లోపలికి వచ్చేలా నోట్లో పెట్టుకుని కాలుస్తారు. వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి, నాలుకా చెంపలూ చూసి పంపేస్తే అసలు చూడవలసింది వదిలేసినట్టే. పెట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వాల్చమని చెప్పి చూడాలి.

మొదటి వారం అందరినీ నేనే చూడబోతే ఓపీ మధ్యాహ్నం రెండు గంటలు దాటినా ముగియలేదు, ఫార్మసిస్టు ముఖం ముడుచుకున్నాడు. తరువాత బీపీ చూసే బల్ల దగ్గరే స్టాఫ్ నర్సు టార్చి వేసి చూసి, అనుమానం ఉంటే ఓపీ చీటీ మూలన ఎర్రగీత పెట్టి పంపే పద్ధతి పెట్టాం.

"సుగరు మాత్రలకొత్తే నోరు సూత్తారేటి బాబూ?" అంటూనే నోరు తెరిచింది ఒక అమ్మ. తెల్లబారిన అంగిలి మధ్య ఎర్రటి మచ్చ, పక్కన నొప్పి లేని చిన్న పుండు. బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడానికి, పెద్దాసుపత్రికి వెళ్లమన్నాను. ముక్క తీస్తే రోగం పాకుతుందన్న భయంతో ఆమె రెండు నెలలు వెళ్లలేదు; ఆశా కార్యకర్త తోడు వెళ్లిన రోజున అక్కడ ఆ విభాగం ఓపీ లేదని తిప్పి పంపారు. అప్పటి నుంచి ముందుగా ఫోను చేయకుండా ఎవరినీ పంపడం లేదు. బయాప్సీలో తేలింది క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ.

గర్భాశయ ముఖద్వార పరీక్షకు కావలసింది 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, దూది, ఒక నిమిషం ఓపిక. మాకు అడ్డుపడింది మాత్రం గడియ లేని తలుపు. వడ్రంగిని పిలిపించాకే స్త్రీలు రావడం మొదలైంది.

రిజిస్టరులో "తిరిగి వచ్చిన తేదీ" అని పెద్దాసుపత్రికి పంపినవారి కోసం చేత్తో గీసిన గడి ఒకటి చేర్చాను. అందులో ఖాళీలు ఇంకా ఉన్నాయి. శనివారాలు వాటిని చూసుకుంటూ ఫోన్లు చేస్తుంటాను.