ఒక్క మెతుకు తినని చేప

ఆదివారం. పొద్దున పానగల్లు నుంచి తెచ్చిన కొర్రమీనుకు అమ్మ బూడిద రుద్ది కత్తిపీట ముందేసుకుంది. కాలేయం దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించింది. ఆకుపచ్చగా గోళీకాయంత చేదు తిత్తి దానికే అంటుకుని ఉంటుంది. అది పగిలిందా, కూర మొత్తం పారబోసుడే.

నాయిన గడపలో కూర్చుని నిన్నటి స్కానింగ్ కవరు మళ్లీ తెరిచాడు. ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్. అంటే కాలేయానికి కొవ్వు పట్టడం మొదలైంది. నల్లగొండ జిల్లాలో పుట్టి కూడా కల్లు ముంత ముట్టని మనిషి. అయినా నిన్న సాయంత్రానికే వాడకట్టులో, చాటుగా తాగుతాడట అని నవ్వులు.

"తాగకపాయె, మస్తుగ తినకపాయె, నాకెందుకొచ్చింది బిడ్డా?"

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని కదా, నాకు జీబ్రా చేప గుర్తొచ్చింది. వేలెడంత చారల చేప. దాని పిండం అద్దంలా ఉంటుంది, లోపలి అవయవాలు పైకే కనిపిస్తాయి. 2005లో అమెరికాలో కిర్‌స్టెన్ శాడ్లర్, నాన్సీ హాప్కిన్స్ బృందం ఒక జన్యువు చెడిన పిండాలను చూసింది. అయిదో రోజుకే కాలేయం ఉబ్బి కొవ్వు చుక్కలతో నిండిపోయింది. అప్పటికి ఆ చేపపిల్ల ఒక్క మెతుకు తినలేదు, పొట్ట కింది పచ్చసొనతోనే బతుకుతోంది. ఆ జన్యువుకు వాళ్లు పెట్టిన పేరు ఫ్వా గ్రా. బాతుల గొంతులో మేత కుక్కి, కొవ్వెక్కిన కాలేయంతో చేసే ఫ్రెంచి వంటకం అది. మేతే ముట్టని చేపకు ఆ పేరేందో!

"కొనుగోలు సెంటర్‌కు లారీలు రాకుంటే ఏమైతది నాయినా?"

"బస్తాలు కుప్పపడ్తయి."

కణంలోనూ అంతే అన్నాను. తయారైన ప్రొటీన్లను ఒక గది నుంచి ఇంకో గదికి మోసే హమాలీ ముఠాలో ఈ జన్యువు ఇచ్చే ప్రొటీన్ ఒకటి. అది లేకుంటే పని ఆగి కణానికి టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌లో కాలేయం కొవ్వు కూడేసుకుంటుంది.

"అయితే నాది గూడ గదేనా?"

"కాదు. నీకు ఎనిమిదేండ్ల నుంచి షుగర్ ఉన్నది. డాక్టరమ్మ చెప్పినట్టు అన్నం తగ్గించు, నడువు."

మొహం చిన్నబుచ్చుకున్నాడు. షుగర్ ముచ్చట కన్నా చేప ముచ్చటే నచ్చినట్టుంది. సాయంత్రం అరుగు మీద పక్కింటాయనతో అంటున్నాడు: "ఏం తినని చేపపిల్లకే వస్తదట, నాకు రాదా?"

రాత్రి కొర్రమీను పులుసు చూసి రెండోసారి అన్నం కోసం కంచం జరిపాడు. అమ్మ మాట్లాడకుండా జొన్నరొట్టె వేసింది.