పడవను ఆపడం నేర్చుకోవడానికి నాకు రెండు కోర్సులు పట్టాయి

నిన్న సాయంత్రం డే స్కిప్పర్ సర్టిఫికెట్ చేతికి వచ్చింది. పగటిపూట చిన్న తెరచాప పడవను సొంతంగా నడపగలనని చెప్పే పత్రం అది. మోకు ఒరుసుకుపోయిన అరచేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఈ మంట చల్లారకముందే అంతా రాసేయాలని కూర్చున్నాను.

నేనుండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌లో. పుట్టి పెరిగింది సఖినేటిపల్లి దగ్గర. నరసాపురం కాలేజీలో చదివినన్నాళ్లూ రోజుకు రెండుసార్లు పంటు మీద వశిష్ఠ గోదావరి దాటేదాన్ని. పడవల పిచ్చి అక్కడే పట్టుకుంది. ఇక్కడికి వచ్చాక ఆదివారం వస్తే చాలు, గట్టు మీద చేరి కంటెయినర్ ఓడలను మలుపు తిప్పే టగ్గులను, పైలట్ పడవలను, ఎదురుగా ఉన్న వైట్ (Wight) దీవికి తిరిగే ఫెర్రీలను చూస్తూ గడిపేదాన్ని. చూడటంతో తృప్తి తీరలేదు. చుక్కాని నా చేత్తో పట్టుకోవాలనిపించింది.

బ్రిటన్‌లో సరదాకు నడుపుకునే సొంత పడవకు లైసెన్సు అక్కర్లేదు. కానీ అద్దెకు ఇచ్చేవాళ్లు ఏదో ఒక అర్హత చూపమంటారు. అందుకు రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి మెట్లు ఉన్నాయి. మొదటిది కాంపిటెంట్ క్రూ, అంటే పడవ మీద సహాయకుల పని నేర్పేది. అది ఐదు రోజుల్లో హాయిగా అయిపోయింది. రేడియో పరీక్ష ఒక్క రోజు. 16వ ఛానెల్లో ‘మేడే’ అనే ఆపద పిలుపు ఎలా పలకాలో వస్తే సగం గట్టెక్కినట్టే. డే స్కిప్పర్ ప్రాక్టికల్‌కు వెళ్లాలంటే అంతకుముందే ఐదు రోజులు, 100 నాటికల్ మైళ్లు, నాలుగు గంటల రాత్రి ప్రయాణం చేసి ఉండాలి. అవీ చేశాను.

థియరీ గురించి మాత్రం కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. సుమారు 40 గంటల పాఠం అది. పోటు ఏ గంటకు ఎంత ఎక్కుతుందో అంచనా వేయడానికి పన్నెండో వంతుల సూత్రం ఒకటి చెబుతారు. మొదటి గంటలో పన్నెండింట ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, ఆ తర్వాత మళ్లీ మూడు, రెండు, ఒకటి. వైట్ దీవికీ మాకూ మధ్య ఉన్న మా సోలెంట్ జలసంధిలో ఆ సూత్రం పనికిరాదు. సౌతాంప్టన్‌లో పోటు ఒకసారి నిండి, కాసేపు నిలిచి, మళ్లీ నిండుతుంది. అందుకే ఇక్కడి పట్టికలు నీరు బాగా తగ్గిన వేళ నుంచి లెక్క మొదలుపెడతాయి. క్లాసులో ఈ లెక్క తప్పు లేకుండా చేసింది నేనొక్కదాన్నే.

అంత లెక్క వచ్చినదాన్ని ఏప్రిల్‌లో వైట్ దీవిలోని కౌస్ రేవు దగ్గర తలదించుకున్నాను.

ప్రాక్టికల్ ఐదు రోజులు. 37 అడుగుల పడవ, బరువు ఆరేడు టన్నులు. శిక్షకుడు, ముగ్గురు మగవాళ్లు, నేను. తెరచాపలతో నాకు పేచీ రాలేదు. ఎదురుగాలిలో అటొక వాలు ఇటొక వాలుగా నడపడం రెండో రోజుకే పట్టుబడింది. 150 మీటర్ల పొడవు దాటిన ఓడ వస్తే దాని ముందు 1000 మీటర్లు, పక్కన 100 మీటర్ల లోపలికి మనం వెళ్లకూడదని ఇక్కడి నిబంధన. ఓడల రాకపోకలు నాకు కొట్టినపిండి కాబట్టి అదీ కష్టమనిపించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కౌస్ దగ్గర సముద్రంలో కలిసే మెడీనా నదిలోకి వచ్చాం. పడవలు కట్టే తేలే గట్టు (పాంటూన్) మాకు కుడివైపున ఉంది. పోటు ఎక్కుతోంది, అంటే నీరు సముద్రం నుంచి నదిలోకి, మా వెనుక నుంచి తోస్తోంది. ‘గట్టుకు చేర్చండి’ అన్నాడు శిక్షకుడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నేను ఇంజను వేగం పూర్తిగా తగ్గించాను. పడవ నెమ్మదించలేదు. గట్టు మీద టీ తాగుతున్న వాళ్ల కప్పులు కనబడేంత దగ్గరికి వచ్చేశాం. కంగారుగా ఇంజను వెనక్కి తిప్పాను. పడవ తోక ఎడమకు, అంటే నది వైపుకు జరిగిపోయింది, ముక్కు తిన్నగా గట్టు మీదికి తిరిగింది. చప్పుడుకు టీ తాగుతున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు.

శిక్షకుడు నా చేతులను చుక్కాని చక్రం మీది నుంచి తోసేశాడు. ‘దిగండి. తాళ్లు చూసుకోండి చాలు’ అన్నాడు, గట్టు మీదివాళ్లందరికీ వినబడేలా. మళ్లీ చక్రం ఇవ్వలేదు. ఆ పూట, మరునాడు కూడా అందరికీ టీ పెట్టిందీ, కప్పులు కడిగిందీ నేనే. చివరి రోజు మిగతా ముగ్గురికీ సంతకం పెట్టి, నాకు మాత్రం ఇంకా సాధన కావాలని రాసి పంపాడు. ఎక్కడ సాధన చేయాలో, ఏది తప్పో చెప్పలేదు. ఆరువందల పౌండ్లకు పైగా కట్టాను ఆ బడికి. తప్పు చేసినప్పుడు చక్రం లాక్కునేవాడు పడవ నడపగలడేమో గానీ చదువు చెప్పలేడు. కోర్సుకు చేరేముందు శిక్షకుడు ఎవరో అడగండి. చెప్పమంటే నసిగే బడికి డబ్బు కట్టకండి.

ఐదు నెలలు పడవ ఎక్కలేదు. గట్టుకు వెళ్లినా టగ్గుల వైపు చూడబుద్ధి కాలేదు. సెప్టెంబరులో ఒక స్నేహితురాలు వేరే బడిలో పేరు రాయించింది. అక్కడి శిక్షకురాలికి అరవై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లు రేవులో పనిపడవలు నడిపిన మనిషి. మొదటి రోజంతా నన్ను గట్టు దగ్గరికే పోనివ్వలేదు. నది మధ్యలో లంగరేసిన బుడ్డ, అంటే నీటి మీద తేలే గుర్తు, ఒకటి చూపించింది. ‘దాని పక్కన పడవను కదలకుండా నిలపండి’ అంది.

నిలపడమంటే ఇంజను ఆపడం అనుకున్నాను. నీళ్లు నన్ను మోసుకుపోయాయి. ‘బుడ్డను చూడండి. నీరు దానికి ఏ పక్క నురగ కడుతోంది?’ అని అడిగింది. నురగ కట్టిన వైపు నుంచే ప్రవాహం వస్తుంది. పడవ ముక్కును దానికి ఎదురు పెట్టి, నీరు ఎంత వేగంతో వస్తోందో అంతే వేగంతో ఇంజను నడిపాను. ఇంజను మోగుతోంది, పడవ పక్కన నీళ్లు పరుగెడుతున్నాయి, బుడ్డ మాత్రం చేతికందే దూరంలో స్థిరంగా ఉంది. ‘ఇప్పుడు ముక్కు ఒక్క పిసరు పక్కకు తిప్పండి’ అంది. పడవ ముందుకూ వెనక్కూ పోకుండా అడ్డంగా జరిగింది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇది నాకు తెలుసు. సఖినేటిపల్లి రేవులో మా సరంగు పాటు వేళ పంటు ముక్కును ఎగువకు, పోటు వేళ అంతర్వేది వైపుకు పెట్టి, నదిని ఏటవాలుగా దాటించి నరసాపురం గట్టుకు చేర్చేవాడు. ఉదయం ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు ఎందుకు చూస్తోందా అని ఎన్నిసార్లు అనుకున్నానో! అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడు.

ఏప్రిల్‌లో జరిగిందేమిటో ఆమె కాగితం మీద గీసి చూపించింది. వెనుక నుంచి పోటు తోస్తుంటే పడవ ఆగదు. ఇంజను వెనక్కి తిప్పితే ఈ రకం పడవ పంకా (ప్రొపెల్లర్) తోకను ఎడమకు లాగుతుంది. గట్టు కుడివైపున ఉంది కాబట్టి తోక దూరం జరిగింది, ముక్కు గుద్దుకుంది. గట్టు దాటి ముందుకు పోయి, వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తూ వచ్చి ఉంటే పోటు ఎదురై పడవను ఆపేది. గట్టు ఎడమకు వచ్చేది కాబట్టి అదే పంకా తోకను గట్టుకు చేర్చేది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది ఆమెకు.

నిన్న ఆఖరి రోజు, అదే కౌస్, అదే తేలే గట్టు, పోటు ఎక్కే వేళే. గట్టును దాటించి ముందుకు తీసుకుపోయాను. ఎగువన గొలుసుల మీద నది దాటే ఫెర్రీ అవతలి ఒడ్డు చేరేదాకా చూసి, పడవను వెనక్కి తిప్పాను. ముక్కు సముద్రం వైపు. గట్టు మీద మోకు కట్టే మేకు పక్కకు వచ్చి అక్కడే నిలిచింది. చక్రాన్ని పిసరు తిప్పాను. రెండు మీటర్లు, ఒకటి, జానెడు. ఇంజను ఒక్క క్షణం వెనక్కి. తోక వచ్చి గట్టుకు ఆనింది.

అంతసేపూ ఆమె చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి. ముందు మోకు, వెనుక మోకు, పడవను ముందుకూ వెనక్కూ జరగనివ్వని రెండు స్ప్రింగు మోకులు. నాలుగూ నేనే కట్టాను.