బరువైన గ్లాసు

హోటల్లో గ్లాసు ఎత్తగానే చెయ్యి ఒక్క క్షణం తడబడింది. కాగితపు కప్పులకు అలవాటుపడ్డ చెయ్యి కదా! అంచు దగ్గర చిన్న గీత, కడిగిన వేడి ఇంకా పోలేదు.

కూర్చుని తినేవారికి ఒకసారి వాడి పారేసే పాత్రలు ఇవ్వకూడదని కొత్త నిబంధనట. పక్క బల్ల పెద్దాయన "శుభ్రంగా కడుగుతారా?" అని సర్వరును నిలదీశారు. నిజానికి అదే అనుమానం నాకూ వచ్చింది, అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఇంటికొచ్చి వెతికాను. జర్మనీలోని ట్యూబింగెన్ నగరం 2022 నుంచే పారేసే కప్పుకు 50 సెంట్ల పన్ను వేస్తోంది. అక్కడి ఒక రెస్టారెంటు కోర్టుకెక్కినా అది నిలబడింది.

ఇక్కడ పన్నేమీ లేదు, కడిగే మనిషికి పనే పెరిగింది. నేను తిన్నంతసేపూ లోపల గిన్నెల చప్పుడు ఆగనే లేదు.