బుడమేరులో మునిగిన మా బండి, కిలోమీటరుకు పదహారున్నర రూపాయల లెక్క

మా కారుకు పెట్టిన ప్రతి రూపాయినీ కొన్న రోజు నుంచీ, అంటే 2018 జూన్ నుంచీ, ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. ఈ అలవాటు మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. బండి చేయి దాటిన రోజున గాని దాని లెక్క తేలదని, అప్పటిదాకా రాసిందంతా సగం లెక్కేనని అనేవారు. ఆ మాట నాకు ఆరేళ్లపాటు సరిగా అర్థం కాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ఊరి మీదికి వచ్చి మా బండి లెక్క తేల్చింది.

మేము ఉండేది అజిత్‌సింగ్‌నగర్‌లో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. కార్లన్నీ కింద సెల్లారు లేని పార్కింగులో ఉంటాయి. ఆగస్టు 31న రోజంతా విడవకుండా వాన కురిసింది. మర్నాడు ఆదివారం తెల్లవారి కిటికీలోంచి చూస్తే వీధిలో మోకాళ్ల లోతు నీళ్లున్నాయి. వాన నీళ్లే గదా, మధ్యాహ్నానికి తీసిపోతాయనుకున్నాం. కాని ఆ నీళ్లు మట్టిరంగులో, ఒకే దిక్కు నుంచి పారుతూ వస్తున్నాయి. బుడమేరు ఊరి మీదికి వచ్చిందని కాసేపటికి తెలిసింది. ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రికి వెంటనే ఫోన్ చేసి, కారు బయటికి తీయమంటారా అని అడిగాను.

"వీధిలో ఎంత లోతుందండీ?"

"మోకాళ్ల దాకా ఉంది."

"అయితే స్టార్ట్ చెయ్యొద్దండీ. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసేయండి, పదో నంబరు స్పానరు పడుతుంది. తర్వాత నీళ్లు తీసినా సరే, నేనొచ్చి చూసేదాకా తాళం ముట్టుకోవద్దు."

కిందికి దిగేసరికి నీళ్లు చక్రాల్లో సగం దాకా వచ్చి ఉన్నాయి. బోనెట్ ఎత్తి చూస్తే మైనస్ టెర్మినల్ నట్టు చుట్టూ తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోయింది. స్పానరు రెండుసార్లు జారి, మూడోసారి పట్టు దొరికింది. వైరు పక్కకు వంచి, దాని కొసకు పాలప్యాకెట్ కవరు చుట్టి, బోనెట్ మూశాను. మొత్తం పది నిమిషాల పని. సాయంత్రానికి ఆ బోనెట్ నీళ్ల కింద కనిపించలేదు.

ఆ వారం సంగతి విజయవాడ వాళ్లకు చెప్పనక్కర లేదు. పాలు, మంచినీళ్లు పడవల్లో వచ్చాయి; ఊళ్లోకి వెళ్లాలంటే సింగ్‌నగర్ ఫ్లైఓవరు దాకా పడవ ఎక్కాలి. బుడమేరు గట్టుకు పడిన మూడు గండ్లలో చివరిదాన్ని సెప్టెంబరు 7న పూడ్చారు. మా వీధిలో నీళ్లు పూర్తిగా తీయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. బురద తప్పుకుని చూస్తే బండి డ్యాష్‌బోర్డు మీద వేలెడు మందాన ఒండ్రు పేరుకుని ఉంది.

తాళం తిప్పవద్దని మేస్త్రి అంత గట్టిగా ఎందుకు చెప్పాడో మా పై అంతస్తు వారి కారు చూశాక తెలిసింది. పెట్రోలు ఇంజిన్ సిలిండరులో పిస్టన్ పైకి వచ్చి గాలిని, పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. ఎయిర్ ఫిల్టరు దారిన సిలిండరులోకి నీళ్లు చేరి ఉన్నప్పుడు స్టార్టరు మోటారు తిప్పితే, పిస్టన్ ఆ నీటికి తగిలి ఆగిపోతుంది, దాన్ని కింది నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వాళ్ల అబ్బాయి వేరే బండి బ్యాటరీ తెచ్చి, వైర్లు తగిలించి, ఒక్కసారి తిప్పాడు. ఇనుప బకెట్ నేల మీద పడ్డట్టు ఒక శబ్దం వచ్చింది, అంతే. వంగిన రాడ్ బ్లాకును పగలగొట్టింది. వాళ్లకు పూర్తి బీమా ఉన్నా, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు తీసుకోలేదు. కారు మునగడం వరద వల్ల జరిగిందని, ఇంజిన్ పగలడం మాత్రం స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని కంపెనీ ఇంజిను ఖర్చు తిరస్కరించింది. వరద బాధితుడికి అది అన్యాయంగా తోచడం సహజమే, కాని పాలసీ కాగితంలో ఆ షరతు మొదటి నుంచీ ఉంది. కొన్నప్పుడు ఏజెంటు ఆ ఒక్క వాక్యం చదివి వినిపించి ఉంటే వాళ్లకు ఈ నష్టం వచ్చేది కాదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మా పాలసీలో కూడా ఇంజిన్ రక్షణ లేదు. తాళం తిప్పకపోవడం వల్ల మాత్రమే ఆ తగాదా మాకు రాలేదు.

బండిని క్రేన్‌తో లేపి ఆటోనగర్ చేర్చడానికి నాలుగు రోజులు వేచి ఉన్నాం. అక్కడ ఏ షెడ్డు ముందు చూసినా సింగ్‌నగర్, పాయకాపురం బండ్లే, అన్నిటి మీదా ఒకే ఎత్తున బురద గీత. మేస్త్రి ముందుగా ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూపించాడు. నల్లగా ఉండవలసిన నూనె పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, అంటే లోపలికి నీళ్లు దిగాయి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, పానాతో క్రాంక్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పితే ప్లగ్గు రంధ్రాల్లోంచి బురదనీళ్లు చిమ్మాయి. ఇంజిన్ తిరుగుతోందని నేను సంతోషించాను. అతను మాత్రం ముందు సీట్లు విప్పి పక్కన పెట్టి, నేల మీద కార్పెట్టు కింద ఉన్న దూదిలాంటి మందపాటి పొరను పిండి చూపించాడు. గేర్ రాడ్ కింద ఎయిర్‌బ్యాగుల కంట్రోలు పెట్టె నీళ్లలో నానిందని చూపించాడు. "ఇంజిన్ బాగు చేసిస్తానండీ, అది నా పని. ఈ వైరింగు జాయింట్లు మాత్రం ఇప్పుడు బాగానే ఉంటాయి, ఆరు నెలలకు ఒక్కొక్కటే పచ్చగా చిలుము పడతాయి. ఏ రోజు హైవే మీద ఆగిపోతుందో నేను చెప్పలేను. బీమాకు వదిలేసుకోండి." చేతికి వచ్చే పని వదులుకుని ఆ మాట చెప్పినవాడి మీద నాకున్న గౌరవం ఈ పుస్తకంలో రాయడానికి గడి లేదు.

వదిలేసుకోవడం అనుకున్నంత తేలిక కాదు. బీమా వ్యవహారంలో బండి ధర అంటే పాలసీలో రాసిన ఐడీవీ, అంటే ఆ ఏడాదికి కంపెనీ, మనమూ ఒప్పుకున్న విలువ. మాది 2,90,000. మరమ్మతు ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఈ ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా, అంటే పూర్తిగా పోయినట్టుగా, లెక్కిస్తారు. సర్వీసు సెంటరు ఎస్టిమేషన్ 3,80,000 దాటింది. బండికి ఆరేళ్లు నిండడంతో భాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవరు ఆ ఏడాది ఇవ్వలేదు. అందువల్ల మరమ్మతుకే వెళ్లి ఉంటే కొత్త ఇనుప భాగాల ధరలో 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మా జేబులోంచి పోయేది. సర్వేయరు రెండుసార్లు వచ్చి ఫొటోలు తీసుకుని టోటల్ లాస్ అని రాశాడు. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా కోసే వెయ్యి రూపాయలు పోను 2,89,000 నవంబరులో ఖాతాలో పడింది. తక్కువ ప్రీమియం చూపించాలని జూన్‌లో ఏజెంటు ఐడీవీని 2,40,000కు తగ్గిస్తానంటే నేను ఒప్పుకోలేదు. ఆ రోజు మిగిలేది పన్నెండు వందలు. ఒప్పుకుని ఉంటే పోయేది యాభై వేలు. ప్రీమియం తగ్గిందని సంబరపడి ఐడీవీ గడి చూడనివారు మా వీధిలోనే నలుగురు ఉన్నారు.

ఈ క్లెయిముతో అయిదేళ్లు కూడబెట్టుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొత్తం పోయింది. ఇంకో జాగ్రత్త చెప్పాలి. తుక్కుగా కొన్నవారికి బండి అప్పగించేటప్పుడు పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు చేస్తాం గదా, అంతటితో ఊరుకోకూడదు. ఆర్సీ పేరు మారిన కాపీ చేతికి వచ్చేదాకా ఫోన్ చేస్తూనే ఉండాలి, ఫాస్టాగ్‌ను వెంటనే మూయించాలి. పేరు మారనంత కాలం ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మన ఇంటికే.

డబ్బు వచ్చిన రాత్రి నోటుపుస్తకం తీసి కూర్చున్నాను. 2018లో ఆన్‌రోడ్ ధర 6,62,000. తిరిగి వచ్చింది 2,89,000. అంటే 62,400 కిలోమీటర్లలో బండి విలువే 3,73,000 కరిగింది. పెట్రోలు 4,18,000. మొదటి ఏడాది ప్రీమియం ఆన్‌రోడ్ ధరలోనే ఉంది గనుక, తర్వాతి ఆరు రెన్యువళ్లకు 78,000. సర్వీసింగు, మరమ్మతులు, 41,000 కిలోమీటర్ల దగ్గర మార్చిన నాలుగు టైర్లు, రెండు బ్యాటరీలు అన్నీ కలిపి 1,20,800. టోల్, పార్కింగు, కడిగించడం, పొల్యూషన్ సర్టిఫికెట్లు 46,000. మొత్తం 10,35,800, కిలోమీటరుకు 16 రూపాయల 60 పైసలు. అప్పు లేకుండా కొన్నాను గనుక వడ్డీ ఇందులో లేదు.

ఆరేళ్లూ నేను మా ఆవిడతో, మిత్రులతో "కారు ఖర్చు కిలోమీటరుకు ఏడు రూపాయలు" అని చెబుతూ వచ్చాను, ఎందుకంటే నా దృష్టి పెట్రోలు బంకు బిల్లు దాటి పోలేదు. పెట్రోలు మన దగ్గర ఖరీదే. రాష్ట్రంలో లీటరు మీద 31 శాతం వ్యాట్, దాని మీద నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు పడతాయి. 2021లో వంద దాటిన ధర, కేంద్రం ఆ నవంబరులో అయిదు, 2022 మేలో ఎనిమిది రూపాయలు ఎక్సైజు తగ్గించినా, మళ్లీ వంద కిందికి దిగలేదు. అయినా మొత్తం ఖర్చులో పెట్రోలు వంతు 40 శాతమే. బండి విలువ కరగడం దాదాపు దానితో సమానంగా, 36 శాతం ఉంది. ఏ రోజూ బిల్లు రాని ఖర్చు గనుక అది నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. మా నాన్నగారు సగం లెక్క అన్నది దీన్నే.

ఈ లెక్క చూశాక, కొత్త బండి తీసుకుని మొదటి మూడేళ్ల కరుగుదలను మళ్లీ మోయడం అనవసరమనిపించి, 2025 జనవరిలో వాడిన బండి కోసం వెతకడం మొదలుపెట్టాను. వరదలో మునిగిన వందల కార్లు తుక్కు వేలంలో అమ్ముడుపోయి, సీట్లు మార్చుకుని, అత్తరు పూసుకుని ఏదో ఒక ఊళ్లో అమ్మకానికి వస్తాయన్న భయం మనసులో ఉంది. మా బండి కూడా వాటిలో ఒకటై ఉండవచ్చు. అందుకని మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లాను.

గుంటూరులో చూసిన మొదటి బండి పెయింటు మెరిసిపోతోంది. అమ్మేవారు బోనెట్ ఎత్తబోతుంటే మేస్త్రి వద్దని, వెనక తలుపు తీసి, సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. బయట కనిపించే మూరెడు మేర నల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకో రెండు మూరలు లాగేసరికి బెల్టు మధ్యలో అడ్డంగా ఒక గోధుమరంగు గీత, దాని కింద నుంచి బట్టంతా గరుకుగా, మట్టివాసనతో బయటికి వచ్చింది. చుట్టలో దాగే ఆ భాగాన్ని కడగాలని ఎవరికీ తోచదట. డిక్కీలో స్టెప్నీ తీసి, దాని కింది గుంటలో మడతల మధ్య వేలు పెట్టి ఎండిన ఒండ్రు తీసి నా అరచేతిలో పెట్టాడు. అమ్మేవారు ఏమీ మాట్లాడలేదు, మేము నమస్కారం పెట్టి వచ్చేశాం. రెండో బండికి బెల్టు బాగానే ఉంది గాని ఫ్యూజు పెట్టె లోపల పచ్చటి చిలుము కనిపించింది.

మూడోది పటమటలో దొరికింది. 2021 మోడలు, 28,140 కిలోమీటర్లు, 5,10,000 రూపాయలు. మేస్త్రి నాలుగు బెల్టులూ చివరిదాకా లాగి వదిలాడు, నాలుగూ శుభ్రంగా చుట్టుకున్నాయి. పాత పుస్తకంలో మిగిలిన పేజీలు వదిలేసి కొత్తది కొన్నాను. అందులో ఈసారి కుడిచేతి పక్కన ఒక గడి అదనంగా గీశాను. ప్రతి జూన్‌లో బండి అప్పటి ధర కనుక్కుని, తరిగింది ఆ గడిలో వేస్తున్నాను. మొదటి పేజీలో మొదటి పద్దు బండి ధర, రెండోది ఇంజిన్ రక్షణ కవరుతో కలిపి బీమా. 2025 ఆగస్టు 15 నుంచి జాతీయ రహదారులకు 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చాక, నెలకు రెండుసార్లు కాజ టోల్ దాటి గుంటూరు వెళ్లే మాకు టోల్ గడిలో అంకె తగ్గింది. వాన హెచ్చరిక వచ్చిన సాయంత్రం బండిని పటమటలో మా చెల్లెలి ఇంటి దగ్గర మెరక మీద పెట్టి, ఆటోలో వెనక్కి వస్తాను. ఆ ఆటో కిరాయి కూడా అదే పుస్తకంలో, బండి ఖర్చు కిందే రాస్తున్నాను.